జ్వరం కూడా రోగనిరోధక శక్తి పనే: ఊపిరితిత్తుల్లో ఫంగస్ ఎందుకు ఆలస్యంగా బయటపడుతుంది?

గాలిలో ఫంగస్ బీజాలు లేని చోటు దాదాపు ఉండదు. వాటిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు బీజం పరిమాణం 2 నుంచి 3 మైక్రాన్లే. పెద్ద ధూళి రేణువుల్ని ముక్కూ, శ్వాసనాళాల్లోని జిగురూ ఆపేస్తాయి గానీ ఇంత చిన్నవి తప్పించుకుని నేరుగా గాలి సంచుల దాకా వెళ్లిపోతాయి. ప్రతి మనిషీ రోజుకు వందల సంఖ్యలో వీటిని పీలుస్తూనే ఉంటాడు. అయినా ఏమీ కాదు. గాలి సంచుల్లో కాపు కాసే మాక్రోఫేజ్ కణాలు బీజాల్ని మింగేస్తాయి. వాటిని తప్పించుకుని మొలకెత్తి పోగులు సాగినవాటిని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చంపేస్తాయి. దగ్గు కూడా రాకుండానే అంతా అయిపోతుంది.

నిజానికి ఈ ఫంగస్‌కు మనిషితో పనే లేదు. కుళ్లే ఆకులు, ఎరువు కుప్పలు దాని అసలు నివాసం. కుప్ప లోపలి వేడి 50 డిగ్రీలకు చేరినా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి 37 డిగ్రీల మనిషి ఒంటి వేడి దానికొక లెక్క కాదు. మిగతా ఫంగస్‌లలో చాలావాటికి ఆ వేడే అడ్డు. వేడిని తట్టుకున్న ఆ కొన్నింటినీ ఆపేది మాత్రం రోగనిరోధక వ్యవస్థే. అది దెబ్బతింటే, ఎన్నాళ్లుగానో లోపలికి వస్తూ పోతూ ఉన్న ఆ బీజాలే ప్రాణం మీదికి తెస్తాయి.

ఏ రక్షణ పోయిందన్నదే అసలు ప్రశ్న

"ఇమ్యూనిటీ తగ్గింది" అని ఒక్క మాటలో తేల్చేయడం మనకు అలవాటు. ఊపిరితిత్తుల్లో ఫంగస్ విషయంలో ఆ మాట ఎందుకూ కొరగాదు. కంచెకు ఏ పక్క గండి పడిందో తెలిస్తేనే లోపలికి ఏది దూరిందో ఊహించగలం.

లుకేమియాకు గట్టి కీమోథెరపీ తీసుకున్నవారిలో, మూలకణ మార్పిడి జరిగినవారిలో న్యూట్రోఫిల్స్ దాదాపు సున్నాకు పడిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో అవి 500 కంటే తక్కువకు దిగి, పది రోజులకు మించి అలాగే ఉంటే ఆస్పర్‌జిల్లస్ వంటి బూజుల ముప్పు బాగా పెరుగుతుంది. రెండు మూడు రోజులు తగ్గి మళ్లీ పుంజుకుంటే ఇంత భయం అక్కర్లేదు. ఇక్కడ ఎంత తగ్గిందన్న దానికంటే ఎన్నాళ్లు తగ్గి ఉందన్నదే ముఖ్యం.

ఒక్కోసారి లెక్క సరిగ్గానే ఉంటుంది, పని జరగదు. క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులో న్యూట్రోఫిల్స్ కావలసినన్ని ఉంటాయి. కానీ మింగిన సూక్ష్మజీవిని చంపడానికి కావలసిన ఆక్సిజన్ రసాయనాల్ని తయారుచేసే ఎంజైమ్ వాటిలో పనిచేయదు. ఈ పిల్లల్లో మరణాలకు ఆస్పర్‌జిల్లస్ ఒక ప్రధాన కారణం. ఎక్కువ మోతాదులో చాలాకాలం స్టెరాయిడ్లు వాడేవారిలోనూ ఇలాంటి పరిస్థితే. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగినట్టు కనిపిస్తాయి, చూసేవారికి ధైర్యం కలుగుతుంది. ఆ కణాలూ, గాలి సంచుల్లోని మాక్రోఫేజ్‌లూ ఫంగస్‌ను సరిగా చంపలేవన్న సంగతి రిపోర్టులో ఉండదు.

రోగనిరోధక వ్యవస్థను నడిపించే టీ కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలు తగ్గితే వచ్చే ఫంగస్‌లు వేరు. హెచ్‌ఐవీ ముదిరి, టీ కణాల్లో ఒక రకమైన సీడీ4 కణాలు మైక్రోలీటరుకు 200 కంటే తగ్గినవారికి న్యుమోసిస్టిస్, 100 కంటే తగ్గినవారికి క్రిప్టోకాకస్ పొంచి ఉంటాయి. న్యూట్రోఫిల్స్ బాగున్నంత కాలం అదే మనిషికి ఆస్పర్‌జిల్లస్ బెడద అంతగా ఉండదు. కీళ్లవాతానికి, పేగుల వాపు జబ్బులకు ఇచ్చే, వాపు రేపే టీఎన్ఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందులది ఇంకో దారి. క్షయ క్రిముల్ని, హిస్టోప్లాస్మా వంటి ఫంగస్‌లను శరీరం చంపలేకపోయినా వాటి చుట్టూ కణాలతో గోడ కట్టి బంధించి ఉంచుతుంది. ఈ మందులు ఆ గోడను వదులు చేస్తాయి. ఈ ముప్పు గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరికను మరింత గట్టిగా ముద్రించమని తయారీదారులను ఆదేశించింది. ఇక మధుమేహం అదుపు తప్పి రక్తంలో కీటోన్లు చేరి ఆమ్లత పెరిగినప్పుడు మ్యూకర్ జాతి బూజులు విజృంభిస్తాయి. ఆమ్లత వల్ల రక్తంలో విడిగా దొరికే ఇనుము వాటికి మేత అవుతుంది.

ఈ జాబితాలో కాండిడా లేదేమిటన్న అనుమానం రావచ్చు. కళ్లె పరీక్షలో కాండిడా పెరిగిందని రిపోర్టు రావడం, దానికి మందు మొదలుపెట్టడం తరచూ జరిగేదే. కాండిడా నోట్లో, గొంతులో మామూలుగా ఉండే ఫంగస్. కళ్లెతో పాటు అదీ సీసాలోకి వస్తుంది, అంతే. రక్తంలో చేరితే ప్రమాదకరమే గానీ నిజంగా కాండిడా న్యుమోనియా చాలా అరుదు.

లక్షణాలు లేకపోవడమే లక్షణం

న్యుమోనియా అనగానే అందరికీ జ్వరం, దగ్గు, పసుపుపచ్చ కళ్లె, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ గుర్తొస్తాయి. వీటిలో ఏదీ నేరుగా సూక్ష్మజీవి చేసేది కాదు. జ్వరం రోగనిరోధక కణాలు విడుదల చేసే రసాయనాల వల్ల వస్తుంది. చీములో ఎక్కువ భాగం చచ్చిన న్యూట్రోఫిల్సే. ఎక్స్‌రేలో మచ్చగా కనిపించేదీ చాలావరకు గాలి సంచుల్లోకి వచ్చి చేరిన ఆ కణాలూ, వాపు ద్రవమే. మరి ఆ న్యూట్రోఫిల్సే లేనివారికి ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? కళ్లె ఉండదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు. మిగిలేది, మిగతా రోగనిరోధక కణాలు తెచ్చే జ్వరం ఒక్కటి. స్టెరాయిడ్లు వాడుతుంటే అదీ కనపడకపోవచ్చు.

అందుకే కీమోథెరపీ వార్డుల్లో ఒక దృశ్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. మందు ఎక్కించి రెండు వారాలు అవుతుంది. న్యూట్రోఫిల్స్ అట్టడుగున ఉంటాయి. జ్వరం వస్తుంది, గట్టి యాంటీబయాటిక్స్ మొదలవుతాయి. నాలుగు రోజులు, ఐదు రోజులు గడిచినా జ్వరం దిగదు. దగ్గు పెద్దగా లేదు, ఛాతీకి స్టెతస్కోప్ పెడితే ఏమీ వినపడదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఊపిరి గట్టిగా పీల్చినప్పుడు ఒక పక్క కలుక్కుమంటోందని రోగి అంటే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అప్పుడు సీటీ స్కాన్ తీస్తే సెంటీమీటరుకు మించిన గుండ్రటి గడ్డ ఒకటో రెండో కనిపిస్తాయి. గడ్డ చుట్టూ మసకగా ఒక వలయం ఉంటుంది. ఆస్పర్‌జిల్లస్ పోగులు రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటిని మూసేస్తే ఆ భాగానికి రక్తం అందక కణజాలం చచ్చిపోతుంది. అదే గడ్డ. దాని చుట్టూ చిమ్మిన రక్తమే ఆ వలయం. రేడియాలజిస్టులు దీన్ని హేలో సైన్ అంటారు.

హేలో ఎక్కువ రోజులు ఉండదు. జబ్బు మొదలైన తొలి రోజుల్లో తీసిన స్కాన్‌లోనే దొరుకుతుంది, వారం దాటితే చాలామందిలో మాయమవుతుంది. కాబట్టి "ఎక్స్‌రే బాగుంది, రెండు రోజులు చూద్దాం" అన్న నిర్ణయానికి ఇక్కడ పెద్ద మూల్యమే చెల్లించాల్సి వస్తుంది.

తర్వాత జరిగేది ఇంకా విచిత్రం. సరైన మందు పడ్డా మొదటి వారం పది రోజుల్లో గడ్డ సైజు పెరగవచ్చు. న్యూట్రోఫిల్స్ తిరిగి వచ్చేటప్పుడు వాపూ వాటితోనే వస్తుంది కాబట్టి, రోగి కోలుకుంటున్న వారంలోనే స్కాన్ భయపెడుతుంది. ఆ తర్వాత చచ్చిన కణజాలం కుంచించుకుని పక్కకు తొలగి, గడ్డలో నెలవంకలా గాలి చేరుతుంది. సాధారణంగా అది మంచి గుర్తే. కానీ దెబ్బతిన్న రక్తనాళం తెగి నోటి వెంట రక్తం పడే ప్రమాదమూ ఆ రోజుల్లోనే ఎక్కువ. అంటే రక్తకణాలు పెరిగాయని అందరూ ఊపిరి పీల్చుకునే సమయంలోనే కనిపెట్టుకుని ఉండాలి.

స్టెరాయిడ్లు వాడేవారిలో, కిడ్నీ, ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవారిలో, ఐసీయూలో తీవ్రమైన ఫ్లూ, కోవిడ్‌లతో ఉన్నవారిలో ఆస్పర్‌జిల్లస్ ఇలా పాఠంలో చెప్పినట్టు కనిపించదు. హేలో అరుదు. శ్వాసనాళాల వెంబడి అక్కడక్కడా మచ్చలు, మామూలు న్యుమోనియా లాంటి నీడలు ఉంటాయి. యాంటీబయాటిక్ మార్చడం, ఇంకొకటి చేర్చడం... ఇలా వారాలు గడుస్తాయి. కీమోథెరపీ అయిన రెండు వారాలకు జ్వరం దిగని లుకేమియా రోగిని చూస్తే డాక్టర్లకు వచ్చే అనుమానం, ఈ రోగుల విషయంలో ఎవరికీ తట్టకపోవడమే ఇక్కడ అసలు ఇబ్బంది.

న్యుమోసిస్టిస్‌కు రెండు ముఖాలు

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఐదుగురు యువకుల గురించి చిన్న నివేదిక ప్రచురించింది. అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న వారందరికీ న్యుమోసిస్టిస్ న్యుమోనియా వచ్చింది. ఎయిడ్స్ గురించి ప్రపంచానికి అందిన తొలి అధికారిక సమాచారం అదే. అప్పటికి ఈ జీవిని ప్రోటోజోవాగా లెక్కేసేవారు. 1988లో దాని రైబోజోమ్ జన్యుక్రమాన్ని పరిశీలించాకే అది ఫంగస్ అని రుజువైంది. మనుషులకు వచ్చే రకం పేరు న్యుమోసిస్టిస్ జిరోవెసి.

ఇది గాలి సంచుల లోపలి గోడను అంటిపెట్టుకుని పెరుగుతుంది. మొదట కనిపించేది పొడి దగ్గు, ఆయాసం. మంచం మీద పడుకున్నప్పుడు ఆక్సిజన్ 96 చూపించి, పది అడుగులు నడవగానే 88కి పడిపోయే రోగి విషయంలో ఈ జబ్బును తప్పక అనుమానించాలి. పల్స్ ఆక్సీమీటర్ పెట్టి రోగిని నడిపించి చూడడం ఖర్చులేని పరీక్ష. హడావుడిలో చాలాసార్లు అదే మరిచిపోతారు.

హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఈ న్యుమోనియా మెల్లగా, వారాల తరబడి ముదురుతుంది. ఊపిరితిత్తుల నిండా ఫంగస్ ఉంటుంది గానీ వాపు తక్కువ. క్యాన్సర్ రోగుల్లో, స్టెరాయిడ్లు వాడేవారిలో ఇది తలకిందులవుతుంది. ఫంగస్ తక్కువ, వాపు ఎక్కువ. రోజుల్లోనే శ్వాస అందని స్థితికి వస్తారు. మరణాలూ వీరిలోనే ఎక్కువ. ఫంగస్ తక్కువగా ఉండడం వల్ల మైక్రోస్కోపు కింద దొరకదు, పీసీఆర్ అవసరమవుతుంది. ఇంకో మెలిక ఏమిటంటే, స్టెరాయిడ్ మోతాదు తగ్గిస్తున్న రోజుల్లోనే చాలామందిలో ఇది బయటపడుతుంది. అప్పటిదాకా అణిగి ఉన్న వాపు మందు తగ్గగానే లేస్తుంది. రోగి మాత్రం "మందు తగ్గించారు, అందుకే పాత జబ్బు తిరగబెట్టింది" అనుకుంటాడు. ఒక్కోసారి డాక్టర్లూ అలాగే అనుకుంటారు.

చికిత్సలోనూ ఇదే తర్కం. హెచ్‌ఐవీ రోగిలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటే, ఫంగస్ మందుతో పాటు 72 గంటల లోపు స్టెరాయిడ్ కూడా మొదలుపెడతారు. రోగనిరోధక శక్తి లేని మనిషికి స్టెరాయిడ్ ఏమిటని విడ్డూరంగా అనిపిస్తుంది. మందుకు చచ్చిన ఫంగస్ శకలాలు రేపే వాపు ఊపిరాడకుండా చేస్తుంది కాబట్టి దాన్ని అణచడానికి ఇస్తారు.

ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం చాలా ఫంగస్‌ల పొరల్లో ఉంటుంది, చాలా ఫంగస్ మందులు దాన్నే దెబ్బతీస్తాయి. న్యుమోసిస్టిస్‌లో అది లేదు. అందుకే ఫ్లూకొనజోల్ గానీ యాంఫోటెరిసిన్ గానీ దీని మీద పనిచేయవు. పనిచేసేది పాతకాలపు చవక యాంటీబయాటిక్ కోట్రైమాక్సజోల్. 21 రోజులు వాడాలి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, మందు మొదలైన కొన్ని రోజుల వరకూ ఫంగస్ నమూనాల్లో దొరుకుతూనే ఉంటుంది. ముందుజాగ్రత్తగా తక్కువ మోతాదులో వాడితే జబ్బునే చాలావరకు ఆపవచ్చు. రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్‌ను నెలకు పైగా వాడుతూ, దానికి తోడు క్యాన్సర్ వంటి మరో కారణమూ ఉన్నవారికి ఈ ముందుజాగ్రత్త అవసరమా అని ఆలోచించాలి. ఈ వ్యాసంలోని జబ్బులన్నిటిలోనూ ఇంత తేలిగ్గా తప్పించగలిగేది ఇదొక్కటే. దీన్ని మరిచిపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

పరీక్షలు చెప్పేవి, చెప్పలేనివి

ఆస్పర్‌జిల్లస్ రక్తనాళాల్లోకి చొరబడినా రక్తపు కల్చర్‌లో దాదాపు ఎప్పుడూ పెరగదు. కళ్లెలో పెరిగితే దాని అర్థం మనిషిని బట్టి మారుతుంది. ఆరోగ్యవంతుడిలో అయితే పీల్చిన బీజం కావచ్చు, న్యూట్రోఫిల్స్ లేనివాడిలో అయితే వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. ఫంగస్ పొర నుంచి రాలే గెలాక్టోమానన్ అనే పదార్థాన్ని రక్తంలో వెతికే పరీక్ష కొంత మేలు. కానీ న్యూట్రోఫిల్స్ ఉన్నవారిలో అది చాలాసార్లు దొరకదు. ముందుజాగ్రత్తగా బూజు మందు వాడుతున్నవారిలోనూ అంతే. బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తిని కడిగి తెచ్చిన ద్రవంలో చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. బీటా-డి-గ్లూకాన్ పరీక్ష ఆస్పర్‌జిల్లస్, కాండిడా, న్యుమోసిస్టిస్ మూడింటిలోనూ పాజిటివ్ రావచ్చు. కాబట్టి అది ఏ ఫంగస్ అన్నది చెప్పదు.

మ్యూకర్ విషయంలో ఈ రెండు పరీక్షలూ ఉపయోగపడవు. రెండూ నెగటివ్ వచ్చాయంటే ఫంగస్ లేదని కాదు, మ్యూకర్ కావచ్చని కూడా. మధ్యలో మసక, చుట్టూ దట్టమైన వలయం ఉండే రివర్స్ హేలో, ఆస్పర్‌జిల్లస్‌కు ఇచ్చే వొరికొనజోల్ అనే మందు వాడుతుండగానే కొత్త గడ్డ రావడం, ఊపిరితిత్తితో పాటు సైనస్‌లోనూ జబ్బు ఉండడం లాంటివి దానివైపు వేలు చూపిస్తాయి. ముక్క తీసి చూస్తే తేడా తెలుస్తుంది. ఆస్పర్‌జిల్లస్ పోగులు సన్నగా, అడ్డగోడలతో, 45 డిగ్రీల కోణంలో చీలుతాయి. మ్యూకర్‌వి వెడల్పుగా, రిబ్బన్‌లా, అడ్డగోడలు దాదాపు లేకుండా ఉంటాయి. అయితే ప్లేట్‌లెట్లు పడిపోయిన రోగికి బయాప్సీ అంటే రక్తస్రావం భయం. అందుకే చాలామందిలో రోగనిర్ధారణ "బహుశా" దగ్గరే ఆగుతుంది, చికిత్స ఆ "బహుశా" మీదే నడుస్తుంది.

హిస్టోప్లాస్మా మరీ మోసకారి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఊపిరితిత్తిలో గుల్ల, బయాప్సీలో గ్రాన్యులోమా అనే కణాల ముద్ద... అచ్చం క్షయలాగే ఉంటుంది. క్షయ మందులకు తగ్గని క్షయ అన్నప్పుడల్లా ఇది గుర్తుకు రావాలి. పైగా క్షయ మందు రిఫాంపిసిన్ వాడుతుంటే వొరికొనజోల్ రక్తంలో నిలవనే నిలవదు, రెండూ కలిపి ఇవ్వకూడదు.

మందులు

ఫంగస్‌ను చంపడం బ్యాక్టీరియాను చంపినంత తేలిక కాదు. ఫంగస్ కణం నిర్మాణం మన కణానికి దగ్గర. దాన్ని దెబ్బతీసే మందు మనల్నీ ఎంతో కొంత తాకుతుంది. 1950ల నుంచీ ఉన్న యాంఫోటెరిసిన్-బి కిడ్నీలను దెబ్బతీసి, పొటాషియం, మెగ్నీషియం పోయేలా చేస్తుంది. కొవ్వు బుడగల్లో పొదిగిన లైపోసోమల్ రకం వచ్చాక ఆ నష్టం తగ్గింది గానీ పోలేదు. మ్యూకర్‌కు ఇప్పటికీ అదే మొదటి మందు. దాంతో పాటు వీలైనంత వరకు చచ్చిన కణజాలాన్ని ఆపరేషన్ చేసి తీసేయాలి. రక్తం అందని చోటికి మందూ అందదు.

ఆస్పర్‌జిల్లస్‌కు వొరికొనజోల్‌ను, పాత యాంఫోటెరిసిన్‌ను పోల్చిన అధ్యయనం 2002లో వెలువడింది. 12 వారాల తర్వాత బతికి ఉన్నవారు మొదటి వర్గంలో 70.8 శాతం, రెండో వర్గంలో 57.9 శాతం. అప్పటి నుంచి వొరికొనజోల్‌దే మొదటి స్థానం. తర్వాత ఐసావుకొనజోల్, పోసాకొనజోల్ దానికి తీసిపోవని తేలింది.

వొరికొనజోల్‌తో చిక్కు ఏమిటంటే, ఒకే మోతాదు ఒకరికి చాలదు, మరొకరికి విషమవుతుంది. దాన్ని విరగ్గొట్టే కాలేయ ఎంజైమ్ చురుకుదనం జన్యువుల్ని బట్టి మారుతుంది. రక్తంలో మందు స్థాయి లీటరుకు 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉందో లేదో కొలిచి మోతాదు సరిదిద్దాలి. కళ్ల ముందు రంగులు, వెలుతురు మెరుపులు కనిపించడం మామూలే. స్థాయి మరీ ఎక్కువైతే లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి, వినిపిస్తాయి. నెలల తరబడి వాడేవారు ఎండకు ఒళ్లు కప్పుకోవాలి, చర్మ క్యాన్సర్ ముప్పు ఉంది. అవయవ మార్పిడి జరిగినవారు కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మోతాదును వొరికొనజోల్ మొదలుపెట్టిన రోజే మూడో వంతుకు తగ్గించాలి, లేకపోతే అది రక్తంలో పేరుకుపోతుంది. అంతకంటే ముఖ్యం, వొరికొనజోల్ ఆపిన రోజున టాక్రోలిమస్‌ను మళ్లీ సరిచూసుకోవాలి. అది మరిస్తే పెట్టిన అవయవాన్ని శరీరం తిరస్కరించవచ్చు.

ఇప్పుడు ఇంకో సమస్య. వొరికొనజోల్ ఒక్కసారీ వాడని రోగుల్లో కూడా దానికి లొంగని ఆస్పర్‌జిల్లస్ కనిపిస్తోంది. పంటల మీద, పూల దుంపల మీద చల్లే ఫంగస్ నాశనులు ఇదే అజోల్ కుటుంబానికి చెందినవి. పొలంలోనే మందుకు అలవాటుపడిన బూజు గాలిలో వార్డు దాకా వస్తోంది. నెదర్లాండ్స్‌లో మొదట స్పష్టంగా బయటపడిన ఈ మార్పు తర్వాత చాలా దేశాల్లో దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తొలిసారి ప్రకటించిన 19 ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అత్యంత కీలక వర్గంలో ఉంది. ఫంగస్‌లకు మనుషుల్లో అనుమతి పొందిన టీకా ఇంతవరకు ఒక్కటీ లేదు.

గాలిని వడపోసే హెపా ఫిల్టర్లున్న గదులు మూలకణ మార్పిడి రోగులకు మేలు చేస్తాయి. ఆసుపత్రి ఆవరణలో గోడలు కొట్టే పని జరుగుతుంటే బీజాలు ఒక్కసారిగా లేస్తాయి కాబట్టి ఆ దుమ్ము వార్డులోకి రాకుండా చూడాలి. ఇంటికి వెళ్లాక ఎరువు కుప్పలు, తడిసి బూజుపట్టిన గోడల మరమ్మతు, గబ్బిలాల గుహలు, పావురాల రెట్ట శుభ్రం చేయడం లాంటి పనులకు దూరంగా ఉండాలి. అంతకుమించి బయటి గాలిని పూర్తిగా తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆస్పర్‌జిల్లస్ చికిత్స కనీసం 6 నుంచి 12 వారాలు. ఆపాలా వద్దా అన్నది స్కాన్‌లో గడ్డ తగ్గిందా, రోగనిరోధక శక్తి తిరిగొచ్చిందా అన్న రెండింటి మీదా ఆధారపడుతుంది. లుకేమియాకు మరో విడత కీమోథెరపీ ఉంటే, గడ్డ ఆనవాలు లేకపోయినా, న్యూట్రోఫిల్స్ మళ్లీ తగ్గే రోజులకు ముందే బూజు మందు తిరిగి మొదలుపెడతారు. హెచ్‌ఐవీ రోగి ముందుజాగ్రత్తగా వాడే కోట్రైమాక్సజోల్‌ను, హెచ్‌ఐవీ చికిత్సతో సీడీ4 కణాలు 200 దాటి మూడు నెలలు నిలిచాక మానేయవచ్చు.